వేలిగోరంత తలుపు

తలుపు బొటనవేలి గోరంత ఉంది.

భర్త ఉమాశంకర్ నీలం గళ్ళ చొక్కాను బకెట్లో ముంచబోతూ వాసవి అలవాటు కొద్దీ జేబు తడిమితే అది చేతికి తగిలింది. ముందు ఏ బస్సు టికెట్టు ముక్కో అనుకుంది. బాల్కనీ వెలుగులో పెట్టి చూస్తే తలుపు. ఆకుపచ్చ రంగు, రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు రెండేసి పలకలు, గొళ్ళెం ఉండాల్సిన చోట గుండుసూది తల. ఏళ్ళ తరబడి వానకు తడిసి రంగు ఊడినట్టు, కింది అంచున కాస్త బూడిద రంగు కూడా పూసి ఉంది.

వాసవికి ముద్దొచ్చింది. అసలు పెళ్ళయిన ఈ మూడు నెలల్లో ఆమెకు ముద్దు రానిదేముంది గనక? పాల బూత్‌లో టోకెన్ వేస్తే బుడబుడమంటూ గిన్నెలోకి దూకే పాలు ముద్దు. వాళ్ళుండే వసంత్ కుంజ్‌కు నీళ్ళ ట్యాంకరు రాగానే పెద్ద పెద్ద ఆఫీసర్లు లుంగీలు ఎగ్గట్టుకుని బకెట్లతో పరుగెత్తడం ముద్దు. కూలర్ గడ్డి మీద నీళ్ళు చల్లగానే గదంతా కమ్ముకునే వాసన ముద్దు. తిరుపతిలో ఎమ్మే చదువుతున్నప్పుడు ఢిల్లీ అంటే పార్లమెంటు బొమ్మే గుర్తొచ్చేది. ఇప్పుడు ఢిల్లీ అంటే రెండు గదులు, ఒక బాల్కనీ, సాయంత్రం మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు.

ఆ సాయంత్రం ఆయన చెప్పులు విప్పీ విప్పకముందే అడిగేసింది.

“ఏమండీ, మీ జేబులో తలుపు దొరికింది!”

నవ్వుతాడనుకుంది. ఉమాశంకర్ నవ్వలేదు. మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా పోయి ఆగింది.

“తలుపా? ఏం తలుపు?... ఓ, అదా. ఆఫీసులో ఎవరిదో పిల్లోడి స్కూల్ ప్రాజెక్టు. పారెయ్.”

“పారేసినాను,” అంది వాసవి.

ఎందుకలా అబద్ధమాడిందో ఆమెకే తెలియదు. కానీ పారెయ్ అన్న మనిషి, పారేశానని వినగానే చెత్తబుట్ట వైపు చూశాడు. ఆమె కాఫీ కలపడానికి లోపలికి వెళితే, వంగి బుట్టలో వెతికాడు కూడా. గిన్నె మూతలో ఆ నీడ కనిపించింది. తలుపు మాత్రం వాసవి కుంకుమ భరిణెలో భద్రంగా ఉంది.

అనుమానం ఆ సాయంత్రమే ఇంట్లో అడుగుపెట్టింది. పెట్టిన దగ్గర్నుంచీ ఊరకే కూర్చోలేదు. ఇదిగో ఇది చూడు, అదిగో అది చూడు అంటూ వాసవి కొంగు పట్టుకుని ఇల్లంతా తిప్పింది.

మొదట వేళ్ళు. ఆయన వేళ్ళ కొసలు గరుగ్గా, పొరలు పొరలుగా ఉంటున్నాయి. ఫైళ్ళు తిప్పే మనిషికి వేళ్ళు అలా ఎందుకవుతాయి? తర్వాత వాసన. శనివారాలు ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన దగ్గర ఏదో తెలిసిన వాసన. నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటే తట్టింది: గోళ్ళ రంగు తుడిచే మందు. మగాడి చొక్కాకు గోళ్ళ రంగు తుడిచే మందు వాసన ఏమిటి? ఆ తట్టిన ఊపులోనే వాసవి అద్దం ముందున్న పెట్టె తెరిచింది. పెళ్ళికి అక్క కొనిచ్చిన మెరూన్ రంగు గోళ్ళ రంగు సీసా లేదు. మంచం కింద చూసింది, బీరువా వెనక చూసింది. లేదు.

తన గోళ్ళ రంగు ఎవరి గోళ్ళ మీదుందో!

ఇక శనివారాలు. ఉమాశంకర్ కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. వారానికి అయిదు రోజులే పని. అయినా ప్రతి శనివారం భోంచేసి, “పెండింగ్ ఫైళ్ళు ఉండాయి వాసూ,” అంటూ స్కూటర్ తీసేవాడు. అదే మినిస్ట్రీలో డిప్యూటీ సెక్రటరీ సదాశివరావు గారు పై అంతస్తులోనే ఉంటారు. ఆయన భార్య కృష్ణకుమారి ఆంటీది కాకినాడ. ఢిల్లీ వచ్చి పాతికేళ్ళయింది కాబట్టి ఆమె తెలుగుకు హిందీ పోపు గట్టిగానే పడింది.

ఒకరోజు ఆంటీ ములక్కాడలు ఇవ్వడానికి కిందికొచ్చి, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“శనివారం ఆఫీసా? అచ్ఛా! మా ఆయన చెప్తారు, శనివారం ఆ భవన్‌లో కోతులు తప్ప ఎవరూ ఉండరంట. అవును గానీ, నువ్వు ఆషాఢానికి ఎప్పుడెళ్తన్నావమ్మా?”

“నేనింకా అనుకోలేదాంటీ. ఆయనే టికెట్ బుక్ చేసేసినారు.”

“నువ్వు అడక్కుండానే? కొత్త మొగుళ్ళు ఆషాఢం వస్తందంటే మొహాలు వేలాడేసుకుంటారు. పెళ్ళాం పుట్టింటికి పోతాదని ఏడవలేక చస్తారు. మీ ఆయనేంటి, నెల ముందే టికెట్ కొన్నాడు?”

వాసవి ములక్కాడల మీది దారం విప్పసాగింది.

“ఇంకో సంగతి. చెప్పొచ్చో లేదో. నువ్వెళ్ళాక వారం నుంచే మీవాడు లీవ్ కావాలని పెట్టాడంట. ఫైల్ మా ఆయన దగ్గరికే వచ్చింది. ‘మామగారింటికా?’ అని ఈయన అడిగితే, ‘కాదు సార్, వేరే పని’ అన్నాడంట. నేను డౌట్‌గా చెప్పట్లేదు సుమా. బస్, అంతే, విన్నది చెప్తన్నాను.”

ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. అది వాసవికీ తెలుసు. మరి ఆయన తొక్కబోయే గడప ఎవరిది? నెలరోజులు తను తిరుపతిలో గోరింటాకు పెట్టుకుని కూర్చుంటే ఇక్కడ, ఈ కూలర్ గాలిలో, ఈ బాల్కనీలో... ఆ పైన ఊహించలేకపోయింది. ఒక్కటి మాత్రం నిశ్చయం చేసుకుంది. ఈ సంగతి తేల్చుకోకుండా రైలెక్కేది లేదు. అనుమానమే నిజమని తేలితే ఎక్కుతుంది, కానీ తిరిగి రావడానికి టికెట్ కొనదు.

ఆంటీ గడప దాటుతూ చివరి చిటికెడు ఉప్పు కూడా వేసి పోయింది. “మా ఆయన మొన్న మునిర్కాలో మీ స్కూటర్ చూశారంట. నీలం గేటు ముందర.”

నీలం గేటు! వాసవికి ఆ గేటు తెలుసు. కాపురానికొచ్చిన కొత్తలో బస్సులోంచి ఉమాశంకరే చూపించాడు. “ఆ నీలం గేటు ఉండాదే, ఆ మేడ మీది గదిలోనే నేను బ్రహ్మచారిగా ఉన్నింది. పెళ్ళికి ముందే ఖాళీ చేసేసినాను.” ఆ మాటకు ఆ రోజంతా ఎంత మురిసిపోయిందో! తన కోసం ఒక మనిషి ఒక గది ఖాళీ చేసి వచ్చాడని.

శనివారం ఆయన స్కూటర్ మలుపు తిరగ్గానే వాసవి ఆటో ఎక్కింది.

మునిర్కా సందులు సన్నం. తల మీద కరెంటు తీగలు, కాళ్ళ కింద కూలర్ల నుంచి కారిన నీళ్ళు. నీలం గేటు ముందు వాళ్ళ స్కూటరే ఉంది. దాని హ్యాండిల్‌కు తను కట్టిన నిమ్మకాయ కూడా అలాగే వేలాడుతోంది. వాసవి గేటు తోసింది. గేటు లోపల మంచం మీద ఇంటామె బఠానీలు ఒలుస్తోంది.

“ఉమాశంకర్?” అంది వాసవి.

“ఊపర్. అభీ దుకాన్ గయా హై, తాలా నహీం లగాయా.” పైన గదే, ఇప్పుడే కొట్టుకు పోయాడు, తాళం వేయలేదు అని. ఆమె బఠానీ ఒలవడం ఆపి, వాసవిని నెత్తి నుంచి కాలి దాకా చూసింది. మళ్ళీ కాలి నుంచి నెత్తి దాకా చూసింది. “తూ వో ఫోటోవాలీ తో నహీం హై!”

ఆ ఫోటోలోని అమ్మాయివి నువ్వు కాదే అని! తాళం కూడా వేయని గదిలో, ఇంటామెకు కూడా మొహం గుర్తుండేంతగా, ఎవరిదో ఫోటో. వాసవి మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకు తెలియదు.

తలుపు తోస్తే ముందుగా ఆ వాసనే పలకరించింది. గోళ్ళ మందు వాసన. తర్వాత గోడ.

గోడ నిండా ఒకే ఆడమనిషి. ఒక ఫోటోలో నీలం చీర, ఒకదాంట్లో పసుపు చీర, ఇంకోదాంట్లో నైటీ మీద తువ్వాలు. గోడ పక్కన నిలబడి, కిటికీ పక్కన నిలబడి, చెట్టు మొదట్లో నిలబడి, మెట్ల మీద నిలబడి. వయసులో వాసవి కన్నా పెద్దదేం కాదు. ఒక్క దాంట్లోనూ నవ్వు లేదు. రెండు చేతులూ ఒంటికి ఆనించుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు నిటారుగా. అంతకన్నా వింత ఏమిటంటే ప్రతి ఫోటోలో ఆమె నెత్తి నుంచి పాదాల దాకా పెన్సిల్‌తో గీత గీసి ఉంది. ఆ గీతను సమానంగా ముక్కలు చేసి, పక్కన సన్నగా అంకెలు. ఒక మనిషిని ఇంత ఓపిగ్గా, ఇంత దగ్గరగా చూస్తూ కూర్చోవాలంటే ఎంత ప్రేమ ఉండాలి! తన ఫోటోకైతే, పర్సులో సరిగ్గా పట్టలేదని ఆయన మూల కత్తిరించాడు.

గది మధ్యన పెద్ద బల్ల మీద ఏదో ఎత్తుపల్లాలుగా ఉంది, పైన దుప్పటి కప్పి. వాసవి దాని వంక చూడనైనా చూడలేదు. నీలం చీర ఫోటోను పీకి చేతిలో పట్టుకుంది.

“వాసూ?”

ఉమాశంకర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో అగరొత్తుల కట్ట, గిన్నెలు తోమే పచ్చ పీచు.

“ఎవరీమె?”

“అది... కస్తూరి.”

“పేరు కూడా బాగుండాది. ఆషాఢంలో ఈమె దగ్గరికేనా లీవు?”

“అవును. అంటే కాదు. ఈమె దగ్గరికి కాదు, ఈమె వెనకాల ఉండే గోడ దగ్గరికి!”

“గోడ దగ్గరికా?” వాసవి గొంతు కీచుమంది. “అబద్ధమాడినా నమ్మేట్టు ఆడండి. ఎమ్మే చదివినాను నేను.”

ఉమాశంకర్ ఓడిపోయిన వాడిలా వచ్చి, బల్ల మీది దుప్పటి పట్టుకుని మెల్లగా లాగాడు.

దుప్పటి కింద ఒక స్టేషను.

ప్లాట్‌ఫారం, దాని మీద సిమెంటు బెంచి, బెంచి పక్కన నల్ల మూత కుండ. పెంకుల కప్పు, కప్పు కింద స్టేషను మాస్టరు గది, గదికి గడియారం. అవతల వరసగా మూడు క్వార్టర్లు. ఒక పెరట్లో వెంట్రుకంత తీగ మీద గోరంత లుంగీ ఆరేసి ఉంది. రంపపు పొట్టుకు రంగు వేసి గడ్డి, గిన్నెల పీచు తుంచి పొదలు, అగరొత్తి పుల్లలతో కంచె, పెన్ను రీఫిల్‌తో నీళ్ళ గొట్టం. సన్నని పట్టాల మీద ఒక్కటే ఎర్ర రైలు పెట్టె. పెంకుల కప్పు మాత్రం వాసవికి బాగా తెలిసిన రంగు.

“నా గోళ్ళ రంగు!”

“పాత పెంకుకు ఆ రంగు యాడా దొరకలేదు వాసూ. ఇంకో సీసా తెద్దామనే...” అని ఆగి, తల వంచుకున్నాడు. “ఆ మందు కూడా దానికే. చేతికంటిన జిగురు దాంతోనే వదిలేది.”

కదిరి అవతల, ధర్మవరం నుంచి పాకాలకు పోయే చిన్న లైనులో, వాళ్ళ నాన్న స్టేషను మాస్టరుగా చేసిన ఊరది. ఆ మధ్య క్వార్టరులోనే ఉమాశంకర్ పదో తరగతి దాకా పెరిగాడు. ఇప్పుడు అక్కడ పెద్ద లైను, అంటే బ్రాడ్ గేజి, వేస్తున్నారు. స్టేషనూ క్వార్టర్లూ ఆషాఢంలోనే పడగొడతారు. చిన్నప్పటి నేస్తం శివరామకృష్ణ ఇప్పుడక్కడ అసిస్టెంటు స్టేషను మాస్టరు. కట్టడాల ప్లాన్లు ఎవరి దగ్గరా లేవు. టేపు పట్టుకుని కప్పులెక్కి కొలిచే ఓపిక శివరామకు లేదు.

“అందుకని నేనే చెప్పినాను. ప్రతి గోడ పక్కనా ఒక మనిషిని నిలబెట్టి ఫోటో తీయరా, చాలు అని. మనిషి ఎత్తు తెలిస్తే గోడ ఎత్తు తెలుస్తుంది, కిటికీ తెలుస్తుంది, కప్పు తెలుస్తుంది. వాడు ఇంకెవరిని నిలబెడతాడు? పెండ్లాన్ని నిలబెట్టినాడు. ఇగో, అయిదడుగుల మూడంగుళాలు. ఈ గీతలన్నీ అవే.”

“నాకెందుకు దాచినారు?”

ఉమాశంకర్ చెవులు ఎర్రబడ్డాయి. “నీ కన్నా ముందు మదనపల్లెలో ఒక సంబంధం చూసినారు. ఆ పిల్ల నాయన హాబీలేమని అడిగితే చెప్పేసినాను. ‘బొమ్మరిల్లు కట్టుకునే పిల్లోడికి మా పిల్లనెట్లా ఇస్తాం’ అని లేచిపోయినారు. ఏడాది తిరిగేదాకా నీ దగ్గర నోరెత్తొద్దని మా అమ్మ ఒట్టు వేయించుకునింది. అందుకే ఈ గది ఖాళీ చేయకుండా అట్లే పెట్టుకున్నాను.”

అంతా అతికినట్టే ఉంది. అదే వాసవికి నచ్చలేదు. ఇంత చక్కగా జిగురు వేసి అతికించే చేతులున్న మనిషికి ఒక కథ అతికించడం ఎంత పని? బల్ల మీదికి వంగి, తప్పు పట్టడానికి ఏమన్నా దొరుకుతుందా అని వెతికింది.

దొరికింది.

“ఈ స్టేషను ముందర మీ రైలు పెట్టె బొమ్మలాగుంది. స్టేషను తలుపులు చూడండి, ఏనుగులు దూరేట్టున్నాయి.”

ఉమాశంకర్ మొహం ఒక్కసారి వాడిపోయింది. దొరికిపోయిన దొంగ మొహం కాదది. రోగం పేరు డాక్టరు చెప్పగా విన్నవాడి మొహం.

“నువ్వు కూడా కనిపెట్టినావా? పెట్టెను రైల్వే డ్రాయింగు చూసి చేసినాను. దాంట్లో తప్పుండదు. ఈ కట్టడాలే... రైల్వే కొలతల ప్రకారం ఏడడుగులు రావాల్సిన తలుపు ఏడున్నర వస్తుంది. ఆ లెక్కన అన్నీ పెద్దవే. మొదట్లో నాకే అనుమానం రాలేదు. చిన్నప్పుడు ఆ తలుపు నాకు అంత పెద్దదిగానే ఉండె. గొళ్ళెం అందేది కాదు. సరిపోయిందిలే అనుకున్నాను. పెట్టె చేసి పక్కన పెట్టినాక తెలిసింది. మూడుసార్లు కట్టినాను, మూడుసార్లూ అంతే. అందుకే లీవు. పడగొట్టే లోపల పోయి టేపుతో కొలుచుకుందామని.”

వాసవి చేతిలోని ఫోటో వంక చూసింది. నీలం చీర అమ్మాయి నిటారుగా, గడ్డం కాస్త పైకెత్తి నిలబడి ఉంది. ఆ ఎత్తిన గడ్డం వాసవికి ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో కాదు, తన పెళ్ళిచూపుల నాటి అద్దంలో.

“ఈమెది అయిదూ మూడని ఎవరు చెప్పినారు?”

“శివరాముడే.”

“ఆయన కొలిచినాడా?”

“పెండ్లాన్ని ఎవరన్నా కొలుస్తారా? వాళ్ళ సంబంధం వచ్చినప్పుడు బయోడేటాలో ఉండె.”

“పెద్దలు కుదిర్చిన సంబంధమేనా?”

“అవును. ఎందుకు?”

వాసవి చెయ్యి చాపింది. “ఫోన్ ఇయ్యండి. నంబరు మీరే కొట్టండి. శివరామకృష్ణ కాదు, ఈమె మాట్లాడాల. మీరు నోరెత్తకూడదు.”

ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి లెక్క. రెండోది అంతకన్నా పెద్దది. కస్తూరి గొంతులో ఏ తడబాటున్నా వాసవి చెవి పట్టేస్తుంది.

ఉమాశంకర్ నంబరు కొట్టి, మగగొంతు ఏదో పలకరిస్తుంటే ఫోన్ ఆమెకిచ్చాడు. వాసవి తనెవరో చెప్పి, కస్తూరిని పిలవమంది. కాసేపటికి ఫోన్లో వినిపిస్తున్న రోకలి చప్పుడు ఆగింది.

“ఎవురూ? ఉమన్న భార్యా! యాడి నుంచి, ఢిల్లీ నుంచేనా? అక్కా, మీ ఆయనకు ఒక మాట చెప్పక్కా. ఎండలో నిలబెట్టి నిలబెట్టి నన్ను ఇనప కమ్మీ చేసేసినాడు మా ఆయన. నవ్వొద్దంటాడు, కదలొద్దంటాడు. ఆ ఉమన్న ఏం కడతాండాడో ఏమో, నా ప్రాణానికొచ్చింది!”

వాసవి గుండెల్లోంచి ఏదో బరువు జారి మునిర్కా మెట్ల మీదుగా దొర్లిపోయింది. అయినా గొంతు తగ్గించి, పుట్టింటి వాళ్ళతో మాట్లాడినట్టు అడిగింది.

“కస్తూరీ, మీ ఆయన పక్కనుండాడా?”

“లేడు. బండికి జెండా ఊపను పోయినాడు.”

“నిజం చెప్పు. నీ ఎత్తెంత?”

అటు తలుపు గడియ వేసిన చప్పుడు. తర్వాత గుసగుస.

“యా ఎత్తు? బయోడేటాదా, నాదా?”

“నీది.”

“నాలుగూ పదకొండు. అక్కా, నీకు పుణ్యముంటాది, మా ఆయనకు చెప్పొద్దు. పెండ్లిచూపులకు మా పిన్ని ఎత్తు చెప్పులేయించింది. ఆయప్ప ఈ పొద్దుటికీ అయిదూ మూడనే అనుకుంటాండాడు.”

ఫోన్ పెట్టేసి వాసవి చెప్పగానే ఉమాశంకర్ కాగితం మీద పడ్డాడు. పెన్సిల్ గరగరలాడింది. గీత కింద గీత కొట్టి, తల పైకెత్తాడు.

“ఏడడుగులు! వాసూ, సరిగ్గా ఏడడుగులు!”

ఆ మొహం చూడాలి. పాల టోకెన్లూ కూలర్ వాసనలూ దాని ముందు ఎందుకూ కొరగావు. కట్టినవన్నీ పీకి మళ్ళీ కట్టాల్సిన మనిషి అంత సంతోషపడటం వాసవి ఎప్పుడూ చూడలేదు. బిందెంత సందేహం తీరిపోయి ఆమెకు ఒళ్ళు తేలికైంది. అయినా అడుగున చుక్కంత మిగిలింది.

“లీవు రద్దు చేస్తారా అయితే?”

“ఎట్లా చేస్తాను? పడగొట్టే ముందర ఒకసారి చూసుకోవాల్నని ఉండాది,” అన్నాడు నెమ్మదిగా. “మీ ఊరు అక్కడికి దగ్గరే. తిరుపతి దాకా వచ్చి మీ ఇంటికి రాకుంటే బాగుండదు, వస్తే ఆషాఢం. అందుకే చెప్పకుండా పోయి వద్దామని...”

“గడప తొక్కకూడదంటే మా అమ్మ గడప. రైల్వే గడపకు ఆషాఢమేముంది?” అంది వాసవి. “పాసింజరుకు నేను అక్కడికే వస్తాను. టేపుకు రెండో కొస ఎవరు పట్టుకుంటారు మీకు? మళ్ళీ కస్తూరేనా?”

ఉమాశంకర్ నవ్వాడు. తలుపు సంగతి గుర్తొచ్చి వాసవి పారేయలేదని చెప్పింది. కుంకుమ భరిణెలో ఉందని, ఎలాగూ అది పెద్దదైపోయింది కాబట్టి ఇక ఇచ్చేది లేదని. ఆయన సరేనన్నాడు. పీకిన ఫోటోను మళ్ళీ గోడకు గుచ్చుతూ, ఏదో ఆలోచన వచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

“ఈసారి ఫోటోల్లో నిన్నే నిలబెడతాను. నీది అయిదూ నాలుగు కదా?”

వాసవి కిటికీలోంచి మునిర్కా తీగల మీది పావురాలను చాలా శ్రద్ధగా చూడసాగింది. తిరుపతిలో వాళ్ళ పెద్దమ్మ బయోడేటా మీద వంగి, అంగుళాల దగ్గర ఒకటిని నాలుగు చేసిన దృశ్యం కళ్ళ ముందు కదిలింది.

ఉమాశంకర్ ఆమె మొహం వంక చూశాడు. తర్వాత ఆమె కాళ్ళ వంక చూశాడు. ఎత్తు మడమల చెప్పులు. మొదటిసారి ఆ చూపులో అనుమానం కనిపించింది. బల్ల మీంచి స్టీలు టేపు తీసి, సర్రున లాగాడు.

“వాసూ, చెప్పులు విప్పి ఆ గోడకు ఆనుకో.”